సూర్యాపేట దగ్గర ఆగిన బండి, 22 రోజులైనా రాని ముక్క

భీమవరం_బుల్లోడు | జూన్ 8, 2025, ఉదయం 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ కార్ల ఫోరంలో చదవడమే కానీ రాసింది లేదు. ఇవాళ కడుపు మండి రాస్తున్నాను.

మే 17 శనివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి భీమవరం బయల్దేరాం. మర్నాడు మా మేనమామ కూతురి నిశ్చితార్థం. బండి 2019 మోడల్ పెట్రోల్, 68 వేల కిలోమీటర్లు తిరిగింది, సర్వీసులన్నీ షోరూంలోనే. కొర్లపహాడ్ టోల్ దాటాం, సూర్యాపేట ఇంకా రాలేదు, ఏసీలోంచి ఉన్నట్టుండి వేడి గాలి. "ఏసీ ఆపావా?" అని మా ఆవిడ అడుగుతుంటే ఇంజిన్ వేడి చూపే ముల్లు వైపు చూశాను. ఎర్ర గీతకి ఆనుకుని ఉంది. పక్కకి తీసి ఆపేసరికి బోనెట్ సందుల్లోంచి పొగ.

అక్కడ ముంజలు అమ్ముకునే ముసలాయన ఒకాయన ఉన్నాడు. నేను నీళ్ల క్యాన్ తీసుకుని బోనెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. "జర ఆగు బిడ్డా. ఇప్పుడు తీస్తే మొకం కాల్తది. నీడకు రాండ్రి." ఆయన పందిరి కిందే మూడు గంటలు కూర్చున్నాం. 1033కి ఫోన్ చేస్తే హైవే పెట్రోలింగ్ వాళ్లు నలభై నిమిషాల్లో వచ్చి బండి వెనక కోన్లు పెట్టి వెళ్లారు. వాళ్లని అనడానికేం లేదు. ఇన్సూరెన్స్ వాళ్ల టోయింగ్ 50 కిలోమీటర్ల వరకే ఉచితం, హైదరాబాద్ దాకా మిగతాది నా చేతి నుంచే పోయింది. నిశ్చితార్థానికి సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లాం.

సోమవారం షోరూంలో తేల్చింది ఏంటంటే థర్మోస్టాట్ హౌసింగ్, అంటే ఇంజిన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉండే డబ్బా, పగిలి ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ అంతా కారిపోయింది. సర్వీస్ అడ్వైజర్ ఆ ముక్క నా అరచేతిలో పెట్టాడు. నల్ల ప్లాస్టిక్, పిడికిలంత ఉంటుంది. పైపు తగిలే గొట్టం మొదట్లో వెంట్రుకంత గీత, దాని చుట్టూ ఆరిపోయిన కూలెంట్ గులాబీ రంగు ఉప్పులా పేరుకుని ఉంది. ఇంజిన్‌కి ఏమీ కాలేదట, అదృష్టం. "పార్ట్ రాగానే రెండు గంటల పని సార్" అన్నాడు.

ఇవాళ్టికి 22 రోజులు. ఎప్పుడు ఫోన్ చేసినా "బ్యాక్ ఆర్డర్ సార్, కంపెనీ నుంచే రావాలి". పన్నెండు లక్షలు పోసి కొన్న బండి, పిడికిలంత ప్లాస్టిక్ కోసం కదలకుండా పడుంది. ఇలా ఎవరికైనా అయిందా? ఏం చేశారు?

నిర్వాహకుడు | జూన్ 8, 11:05

కొత్తవారు గమనించాలి: సొంత ఫిర్యాదులు రాసేటప్పుడు కంపెనీ పేరు, షోరూం పేరు వద్దు. బండి ఫొటో పెడితే నంబర్ ప్లేటు చెరిపేయండి.

క్యాబ్_విశాఖ | జూన్ 8, 11:31

అన్నా, నీ బాధ 22 రోజులది. మాకైతే రోజు లెక్క కూడా కాదు, ట్రిప్పు లెక్క. నాకు ఇదే ముక్క పోయిన ఏడాది పోయింది. షోరూం వాళ్లు నెల అన్నారు. నెల రోజులు బండి ఆగితే ఈఎంఐ ఎవడు కడతాడు? విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లా. లేత్ షెడ్డులో పగిలిన ముక్క కొలతలు తీసుకుని అల్యూమినియం దిమ్మ కోసి రెండు రోజుల్లో చేసిచ్చాడు. 2,800 తీసుకున్నాడు. సంవత్సరం దాటింది, చుక్క కారలేదు.

అనంత_లక్ష్మి | జూన్ 8, 12:10

నాది ఇంకా చిన్న కథ. పార్కింగ్‌లో ఎవరో గుద్ది హెడ్‌లైట్ పగలగొట్టారు. బండి నడుస్తుంది, కానీ రాత్రి బయటికి తీయలేను. 51 రోజులు. అనంతపురంలో ఆ కంపెనీకి ఉన్నది ఒక్కటే షోరూం, బెదిరించడానికి రెండోది లేదు.

బుల్లోడు గారూ, టోయింగ్ కాకుండా ఇన్సూరెన్స్‌లో ఇంకేమైనా వస్తుందా?

భీమవరం_బుల్లోడు | జూన్ 8, 12:26

రాదట అండీ. గుద్దుకుంటే వస్తుంది కానీ, భాగం దానంతటది పాడైతే అది మెకానికల్ బ్రేక్‌డౌన్ అంట, మామూలు పాలసీలో ఉండదట. వారంటీ కూడా అయిపోయింది.

లేత్_మిషన్ | జూన్ 8, మధ్యాహ్నం 1:48

ఆటోనగర్‌లో 26 ఏళ్ల నుంచి పని చేస్తున్నాను. విశాఖ తమ్ముడికి చేసింది నేను కాదు కానీ ఆ పని నాకు తెలుసు.

అల్యూమినియంతో చేయొచ్చు. అయితే మూడు చోట్ల జాగ్రత్త. ఒకటి, ఓ-రింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు చుట్టు) కూర్చునే గాడి. లోతు కాస్త ఎక్కువైతే రింగ్ నొక్కుకోదు, కారుతుంది. తక్కువైతే బోల్టు బిగించేటప్పుడు రింగ్ తెగుతుంది. రెండు, వేడి కొలిచే సెన్సార్ బిగించే మర. అది తప్పితే ముల్లు అబద్ధం చెబుతుంది. మూడు, ఇంజిన్‌కి ఆనే ముఖం అద్దంలా సమంగా రావాలి. ఇవి చూసుకునే చేతులు ఇక్కడ చాలానే ఉన్నాయి, చూసుకోని చేతులూ ఉన్నాయి.

ఎంసీల్ పెట్టి పంపేస్తానని ఎవడైనా అంటే మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయండి. లోపల నీళ్లు తొంభై డిగ్రీలు దాటి ఉంటాయి, పైగా ప్రెషర్. ఇంటి ట్యాంకుకి పెట్టినట్టు పెడితే మళ్లీ రోడ్డు మీదే ఊడుతుంది.

ఇంకో మాట. ముల్లు పైకి లేచింది కాబట్టి మీరు బతికిపోయారు. కూలెంట్ మొత్తం ఒక్కసారి పోతే సెన్సార్‌కి నీళ్లు తగలవు. అప్పుడు ముల్లు మామూలుగానే చూపించొచ్చు, లోపల ఇంజిన్ హెడ్ వంగిపోతూ ఉంటుంది. ఏసీలో వేడి గాలి వచ్చినప్పుడే చూశారు, మంచి పని చేశారు.

మీ పగిలిన ముక్క తీసుకుని రండి, చూస్తాను. అది లేకుండా చేయలేను.

పాత_అంబాసిడర్ | జూన్ 8, 3:15

బాబూ, మా కాలంలో అంబాసిడర్ ఆగితే ఊళ్లో సైకిల్ షాపువాడు కూడా ఏదో ఒకటి చేసి కదిలించేవాడు. ఫ్యాన్ బెల్టు తెగితే ఆడవాళ్ల మేజోడు ముడేసి పక్క ఊరికి చేర్చిన డ్రైవర్లు ఉన్నారు. 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయింది. నా బండికి ఇప్పటికీ సామాను దొరుకుతూనే ఉంది.

అనంత_లక్ష్మి | జూన్ 8, 3:22

బాబాయ్ గారూ, మీ బండి ఆగినన్ని సార్లు మా బండి ఆగితే మాకూ అన్ని పనులూ వచ్చేవి 😀

పాత_అంబాసిడర్ | జూన్ 8, 3:40

అదీ నిజమేనమ్మా.

డాలస్_నుంచి | జూన్ 8, రాత్రి 9:20

మన దగ్గరే ఇలా అనుకోకండి. ఇక్కడ నా బండి ట్రాన్స్‌మిషన్ భాగం కోసం పోయినేడాది 64 రోజులు ఆగింది. డీలర్ అద్దె కారు ఇచ్చాడు, అదొక్కటే తేడా. ఇక్కడ ఒక్కోసారి గోదామే మూతపడుతుంది. 2023 సెప్టెంబరులో యూఏడబ్ల్యూ అనే కార్ల కార్మికుల సంఘం సమ్మె జనరల్ మోటార్స్, స్టెలాంటిస్ వాళ్ల 38 విడిభాగాల గోదాములకి పాకింది. నా బండి వాళ్లది కాదు లెండి, ఊరికే చెబుతున్నా.

నాకు బాగా గుర్తున్నది 2011. జపాన్ సునామీ తర్వాత ఒనహామాలో ఒక్క ఫ్యాక్టరీ ఆగింది. కార్ల పెయింట్‌లో మెరుపు తెచ్చే జిరాలిక్ అనే పొడి అప్పట్లో అక్కడ ఒక్కచోటే తయారయ్యేది. దాంతో ఫోర్డ్ కొన్ని నలుపు, ఎరుపు రంగుల బండ్ల ఆర్డర్లే ఆపేసింది. బండి మొత్తం రెడీ, రంగు లేదు. పదేళ్ల తర్వాత 2021 మార్చిలో రెనెసాస్ వాళ్ల నాకా చిప్ ఫ్యాక్టరీ తగలబడింది. అసలే కొరతలో ఉన్న చిప్పులు ఇంకా కరువయ్యాయి.

క్యాబ్_విశాఖ | జూన్ 8, 9:34

అన్నా, చిప్ అంటే అర్థం ఉంది. ఇది ప్లాస్టిక్ గొట్టం. దీనికి సునామీ ఎందుకు?

పార్ట్స్_కౌంటర్ | జూన్ 9, ఉదయం 7:55

విశాఖ తమ్ముడు అడిగింది సరైన ప్రశ్న. డీలర్‌షిప్ పార్ట్స్ విభాగంలో పద్నాలుగేళ్లు చేశాను, ఇప్పుడు మానేశాను కాబట్టి కాస్త విడమరచి రాస్తాను.

ఆ గొట్టాన్ని కార్ల కంపెనీ తయారు చేయదు, బయటి సప్లయర్ చేస్తాడు. వాడికి మిషన్లు తక్కువ, అచ్చులు ఎక్కువ. మీ మోడల్ జోరుగా అమ్ముడవుతున్నప్పుడు ఆ అచ్చు రోజూ మిషన్ మీదే ఉంటుంది. మోడల్ పాతబడ్డాక దాన్ని దించి అటక మీద పెడతారు. మళ్లీ ఎక్కించి, సెట్ చేసి, ముందు వచ్చే పనికిరాని ముక్కలు పారేసి నడపాలంటే రెండు వందల ముక్కలకి గిట్టదు. ఆర్డర్లు పోగయ్యేదాకా ఆగుతాడు. అలా పోగవుతున్న వరసకే బ్యాక్ ఆర్డర్ అని పేరు. సునామీ అక్కర్లేదు తమ్ముడూ, లెక్కల పుస్తకం చాలు.

ఇక డీలర్ సంగతి. అరుదుగా అమ్ముడయ్యే సామాను అలమరాలో పెట్టుకుంటే అది డెడ్ స్టాక్. నెలాఖరు మీటింగులో మాకు తిట్లు పడేది దాని మీదే. అందుకని పెట్టం. బండి వచ్చాక ఆర్డర్ వేస్తాం. అందులోనూ రెండు రకాలు. మామూలు స్టాక్ ఆర్డర్ వారానికోసారి వెళ్తుంది, డిస్కౌంట్ పూర్తిగా వస్తుంది. రెండోది వీఓఆర్, అంటే వెహికల్ ఆఫ్ రోడ్. బండి కదలని స్థితిలో ఉందని చెప్పి వేసేది. వరసలో ముందుకి వెళ్తుంది, కానీ మేం చూసిన చోట్ల డీలర్‌కి డిస్కౌంట్ తగ్గేది, రవాణా ఖర్చు మీద పడేది. మీ బండి రోడ్డు మీద ఆగిపోయి వచ్చింది కాబట్టి వీఓఆర్ వేయాలి. వేశారా అన్నది అడగాలి.

బుల్లోడు గారూ, ఇవాళే వెళ్లండి, ఫోన్ వద్దు. అడ్వైజర్‌ని కాదు, పార్ట్స్ మేనేజర్‌ని కలవండి. "పార్ట్ ఎప్పుడొస్తుంది" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి జవాబు వాళ్ల దగ్గర లేదు, ఏదో ఒకటి చెప్పి పంపుతారు. ఆర్డర్ కాపీ అడగండి. అందులో పార్ట్ నంబర్, ఆర్డర్ తేదీ, ఆర్డర్ రకం, ఈ మూడూ చూసి ఇక్కడ రాయండి. నంబర్ మాత్రం నాకు ఇన్‌బాక్స్‌లో పెట్టండి.

ప్లీడరు_గుంటూరు | జూన్ 9, 9:10

పైన రాసినదంతా కాగితం మీద పెట్టించుకోండి. ఫోన్ మాటలకి సాక్ష్యం ఉండదు. "ఫలానా తేదీన బండి అప్పగించాను, ఫలానా భాగం రాలేదు, ఎప్పటికి ఇస్తారో రాతపూర్వకంగా చెప్పండి" అని నాలుగు లైన్ల మెయిల్ చాలు. బెదిరింపులు రాయకండి.

కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఖర్చు లేదు. చాలా కంపెనీలు అక్కడి నుంచి వచ్చిన ఫిర్యాదుకి వేరే టేబుల్ పెట్టుకున్నాయి. దాంతోనూ కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. చెల్లించిన విలువ 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు.

నా వృత్తికి నష్టమే కానీ ఒక మాట చెబుతాను. పిడికిలంత ముక్క కోసం కేసు వేస్తే మొదటి వాయిదా వచ్చేలోపే ముక్క వస్తుంది. ముందు మెయిల్ పెట్టండి.

భీమవరం_బుల్లోడు | జూన్ 10, సాయంత్రం 6:30

వెళ్లాను. మీరంతా కూర్చుని చదవండి.

పార్ట్స్ మేనేజర్ కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. ఆర్డర్ తేదీ మే 30! బండి అక్కడికి చేరింది మే 17 రాత్రి. పదమూడు రోజులు అసలు ఆర్డరే వేయలేదు. అడ్వాన్స్ కట్టలేదు కాబట్టి ఆగిందట. అడ్వాన్స్ కట్టమని నన్ను అడిగినవాడే లేడు. అడ్వైజర్ "పంపించాను సార్ మెసేజ్" అంటాడు, ఎవరికి పంపాడో ఆ దేవుడికే తెలియాలి. ఆర్డర్ రకం మామూలు స్టాక్ ఆర్డర్.

అరవాలని వెళ్లినవాణ్ని, అది చూశాక నోట మాట రాలేదు. ఆ పదమూడు రోజులూ రోజూ ఫోన్ చేశాను. రోజూ "కంపెనీ నుంచి రావాలి" అనే చెప్పారు.

ఆటోనగర్ అన్నకి చూపిద్దామని పగిలిన ముక్క అడిగాను. అందరూ వెతికారు. చివరికి అడ్వైజర్ టేబుల్ మీదే దొరికింది, గొట్టంలో రెండు పెన్నులు నిలబెట్టి ఉన్నాయి.

అనంత_లక్ష్మి | జూన్ 10, 6:41

పెన్‌స్టాండ్! నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

నేనూ రేపు వెళ్లి ఆర్డర్ తేదీ చూస్తా.

లేత్_మిషన్ | జూన్ 10, 8:02

ముక్క మీ దగ్గరే పెట్టుకోండి. ఈ శనివారంలోపు అటు నుంచి జవాబు రాకపోతే కొరియర్ చేయండి.

పార్ట్స్_కౌంటర్ | జూన్ 12, ఉదయం 8:20

బుల్లోడు గారు పంపిన నంబర్ పాత స్నేహితుడి చేత కేటలాగ్‌లో వెతికించాను. అసలు కథ ఇక్కడుంది.

ఆ నంబర్ ఇప్పుడు విడిగా ఇవ్వడం లేదు. హౌసింగ్, థర్మోస్టాట్, సెన్సార్ మూడూ కలిపి ఒకే అసెంబ్లీగా వేరే నంబర్‌తో వస్తోంది. ఇలా పాత నంబర్ స్థానంలో కొత్తది వస్తే సిస్టమ్ దానంతటదే మార్చాలి. కానీ ఒక ముక్క స్థానంలో అసెంబ్లీ వచ్చినప్పుడు అది నేరుగా మారదు, మనిషి చూసి మార్చాలి. ఎవరూ చూడలేదు. పాత నంబర్ మీద వేసిన ఆర్డర్ ఆరు నెలలున్నా అలాగే ఉంటుంది.

కొత్త నంబర్‌తో వెతికితే కోయంబత్తూరులో ఒక డీలర్ దగ్గర రెండు ఉన్నాయి. డీలర్ నుంచి డీలర్‌కి తెప్పించుకోవచ్చు. నంబర్ మీ ఇన్‌బాక్స్‌లో పెట్టాను. ధర ఎక్కువ, ముందే చెబుతున్నా. పాత ముక్క 1,400 చిల్లర, ఇది 5,200.

క్యాబ్_విశాఖ | జూన్ 12, 8:45

అంటే లేని ముక్క కోసం అన్న రోజూ ఫోన్ చేశాడన్నమాట.

పార్ట్స్_కౌంటర్ | జూన్ 12, 8:58

అంతే. నేను కూడా కౌంటర్ అవతల ఉన్నప్పుడు ఇలాంటివి చేశాను తమ్ముడూ. కావాలని కాదు. రోజుకి అరవై లైన్లు ఆర్డర్ వేస్తాం, తెర మీద ఎర్రగా కనబడితే "బ్యాక్ ఆర్డర్" అని నోటి వెంట వచ్చేస్తుంది. ఎందుకు ఎర్రగా ఉందో నొక్కి చూసే ఓపిక సాయంత్రానికి ఉండదు. కస్టమర్ నంబర్ పట్టుకుని వస్తేనే చూస్తాం.

భీమవరం_బుల్లోడు | జూన్ 14, మధ్యాహ్నం 12:15

కొత్త నంబర్ రాసి మెయిల్ పెట్టాను, ప్లీడరు గారు చెప్పినట్టు నాలుగు లైన్లే. రెండు గంటల్లో జనరల్ మేనేజర్ ఫోన్. ఆర్డర్ మార్చారు, కోయంబత్తూరు నుంచి తెప్పిస్తున్నారు. ధరలో తేడా తామే భరిస్తామన్నారు. అది కూడా మెయిల్లో రాయమన్నాను, రాశారు.

ప్లీడరు_గుంటూరు | జూన్ 14, 12:40

శభాష్. ఆ మెయిల్ ప్రింట్ తీసి ఉంచుకోండి.

అనంత_లక్ష్మి | జూన్ 17, ఉదయం 10:05

నా హెడ్‌లైట్ సంగతి. ఆర్డర్ సరిగ్గానే వేశారు, తేదీ సరైనదే, నంబర్ కూడా సరైనదే. నిజంగానే స్టాక్ లేదట. అంటే నాది అసలు సిసలైన బ్యాక్ ఆర్డర్! కనీసం ఎవరినీ తిట్టుకోకుండా ఎదురు చూడొచ్చు. చెన్నై పుదుప్పేటలో పాతది దొరుకుతుందని మా తమ్ముడు అంటున్నాడు. కొనొచ్చా?

లేత్_మిషన్ | జూన్ 17, 11:30

లైటే కాబట్టి కొనొచ్చు తల్లీ. వెనక క్లిప్పులు విరిగాయా, అద్దం లోపల తేమ ఉందా చూసుకోమనండి. బిల్లు తీసుకోమనండి, దొంగ సామాను కూడా తిరుగుతూ ఉంటుంది. బ్రేకు, స్టీరింగ్ సామాను మాత్రం పాతది ఎప్పుడూ కొనకండి.

భీమవరం_బుల్లోడు | జూన్ 25, రాత్రి 8:50

బండి ఇంటికొచ్చింది. మొత్తం 39 రోజులు.

అంత తేలిగ్గా ఏం రాలేదు. ముక్క 20న వచ్చింది, 21న బిగించారు, స్టార్ట్ చేయబోతే బ్యాటరీ చచ్చింది. నెలపైన కదలకుండా ఉంది కదా. ఛార్జింగ్ పెట్టారు, నిలబడలేదు, కొత్తది వేయాల్సిందే అన్నారు. ఈసారీ నేను అరవలేదు. "బండి మీ దగ్గర ఉండగా పోయింది, పదమూడు రోజులు ఆర్డర్ వేయని సంగతి మెయిల్లో ఉంది" అన్నాను. సగం వాళ్లు, సగం నేను. ఆ తర్వాత చూస్తే బోనెట్ కింద ఇన్సులేషన్ షీటు ఒక మూల ఎలుక కొరికేసింది. వైర్ల జోలికి పోలేదు. దాని గురించి ఇక ఏమీ అనలేదు, ఓపిక అయిపోయింది.

బండి ఎక్కువ రోజులు షెడ్డులో పెట్టాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీయించండి. అప్పగించే రోజే రీడింగ్, పెట్రోల్ ముల్లు, బోనెట్ లోపల ఫొటోలు తీసుకోండి. నేను తీసుకోలేదు.

ఇవాళ సాయంత్రం నలభై కిలోమీటర్లు తిప్పాను. రెండు నిమిషాలకోసారి ముల్లు చూస్తున్నానని మా ఆవిడ నవ్వింది.

క్యాబ్_విశాఖ | జూన్ 25, 9:14

సంతోషం అన్నా. మా స్టాండ్‌లో ఒకడిది నీ మోడలే, మొన్న తుని దగ్గర ఇలాగే ఆగింది. షోరూం వాళ్లు బ్యాక్ ఆర్డర్ అన్నారట. ఆ కొత్త నంబర్ పంపవా?

భీమవరం_బుల్లోడు | జూన్ 25, 9:17

పంపాను తమ్ముడూ, ఇన్‌బాక్స్ చూడు. కోయంబత్తూరులో ఇంకోటి ఉండాలి.